వీపు చాటు స్తంభం

పాటన్‌లో హేరాకాజీ మహర్జన్‌ని "ఏం ఫొటోలు తీస్తావయ్యా నువ్వు?" అని అడిగితే చాలు, ఒళ్ళు మండిపోయేది. "ఏం తీస్తానా? ఈ ఊళ్ళో ఇంకా నిలబడి ఉన్న ప్రతి పాత గోడనీ తీశాను. నువ్వు పుట్టిన ఇంటి కిటికీ కూడా నా పెట్టెలో ఉంది, కావాలంటే వచ్చి చూసుకో" అనేవాడు. అందులో కోతలేమీ లేవు. పొద్దు పొడిచేసరికి మెడలో కెమెరా, నెత్తిన వంకర టోపీతో దర్బారు చౌకులో హాజరు. రాతి గుడి, రాజుగారి స్నానాల తొట్టి, చెక్క కిటికీలు, వాటి మీద వాలే పావురాలు, ఏదీ వదిలేవాడు కాదు. ఆ బొమ్మల్ని పోస్టుకార్డులుగా వేయించి దేశదేశాల వాళ్ళకి అమ్మేవాడు.

కెమెరా కంటికి పెట్టుకునే ముందు చేత్తో నుదురు తాకడం ఒక అలవాటు. భక్తి అనుకునేరు, అదేం కాదు. "దేవుడికి దండం పెట్టేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. ఈ ఇటుకలు మోసినవాడికి ఎవడు పెడతాడు? వాడు మొయ్యబట్టే కదా నేనివాళ కార్డులు అమ్ముకుని అన్నం తింటున్నాను" అనేవాడు. భార్య చిరీమాయ ఇంటి గుమ్మంలోనే పెనం పెట్టి మినప్పిండితో బారాలు వేసి అమ్ముతుంది. ఆ మాట విన్నప్పుడల్లా మూతి తిప్పి, "కార్డుల అన్నమా? నా పెనం కాలబట్టి తింటున్నావులే" అనేది. అదీ నిజమే.

కార్డులతో ఇల్లు గడవదు కాబట్టి పెళ్ళిళ్ళూ, జంకోలూ తీసేవాడు. జంకో అంటే తెలుసుగా, డెబ్బై ఏడు దాటిన పెద్దల్ని కొడుకులూ మనవలూ చిన్న రథమెక్కించి వీధంతా లాక్కెళ్ళే వేడుక. పెళ్ళయినా జంకో అయినా మా వాడలో ఫొటోకి నిలబడే చోటు ఒకటే, వాకిలి మధ్యనున్న చావడి ముందు. నాలుగు చెక్క స్తంభాలు, వాటి మీద పొడుగాటి దూలం, పైన పెంకుల కప్పు, లోపల పలకలు పరిచిన అరుగు. పగలు మిరపకాయలు ఎండేవి, ముసలివాళ్ళు కునికేవాళ్ళు, సాయంత్రం గుఠీ వాళ్ళు, అంటే పూజలూ పండగలూ చూసుకునే వాడ సంఘం వాళ్ళు, మద్దెల, తాళాలు పట్టుకుని భజన పాడేవాళ్ళు. ఎవరు కట్టించారో ఎవరికీ తెలీదు. ఎవరో కొడుకు తల్లి పేరు మీద కట్టించాడంటారు. ఏ తల్లి, ఏ కొడుకు అంటే చెప్పగలిగేవాడు లేడు, శిలాశాసనం మీద అక్షరాలు ఎప్పుడో చదునైపోయాయి.

భూకంపం వచ్చిన పూట దేవుడి దయవల్ల వాడలో ఒక్క ప్రాణం కూడా పోలేదు గానీ చావడి మాత్రం మోకాళ్ళ మీద కూలబడి, అటు నుంచి బోర్లా పడింది. జనమంతా నెలల తరబడి పొలాల్లో గుడారాల కింద కాపురం పెట్టారు. వానలు మొదలయ్యాయి. కట్టెలు తడిశాయి. విరిగిన దూలాలు ఒకచోట పోగేసి ఉన్నాయి, సాల చెట్టు కర్ర, ఎన్ని తరాలుగా ఎండిందో ఏమో, అగ్గిపుల్ల చూపిస్తే చాలు. ఒకరి తర్వాత ఒకరు, రేపు తిరిగి తెచ్చేవాళ్ళలాగే, ఒక్కో చెక్క పట్టుకెళ్ళారు. మా వాడ గుఠీకి పెద్ద నుచ్చేలాల్, అందరికీ ఆజూ, అంటే తాత. ఆయనే తరవాత ఒప్పుకున్నాడు: "పాపం చేశాంరా. కానీ ఆ వానలో, ఆ చెక్కల మంట మీద కాచిన టీ ఎంత బాగుందో చెప్పలేను."

అలా చావడి కొంత కూలి, కొంత కాలి, మొత్తానికి పోయింది. మిగిలింది ఇటుకల దిబ్బ.

ఏళ్ళు గడిచాక దాన్ని తిరిగి కట్టడానికి సర్కారు డబ్బు వచ్చింది. దాంతో పాటు సరీనా వజ్రాచార్య అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. పక్క వాడ పిల్లే, మనిషి కలుపుగోలు. చిరీమాయ పెనం పక్కన పీట వేసుకుని కూర్చుని, వేడి బారా ఊదుకుంటూ సంగతి చెప్పింది. "ముందు ఎలా ఉండేదో పూర్తిగా చూపించగలిగితే చెక్కతో, ఇటుకతో, అచ్చు అలాగే కడతాం. చూపించలేకపోతే సిమెంటు గది. ముందు రెండు షట్టర్లు పెట్టి అద్దెకిస్తారట. నేను చూడనిది గీయలేను, గీయనిదానికి సంతకం రాదు. వచ్చే పున్నమికి నా బొమ్మలు ఇచ్చేయాలి." ఆ తర్వాత హేరాకాజీ వైపు తిరిగి నవ్వుతూ, "అయినా నాకేం దిగులు లేదు కాజీ దాజూ. ఈ ఊళ్ళో ఇంకా నిలబడి ఉన్న ప్రతి గోడా మీ పెట్టెలో ఉందటగా" అంది. దాజూ అంటే అన్నయ్య.

హేరాకాజీ ఛాతీ విరుచుకుని లోపలికి వెళ్ళాడు. పెట్టెలన్నీ దించాడు. ఒకటి వెతికాడు, రెండు వెతికాడు, చివరికి మంచం కింద దూరి వెతికాడు. రాతి గుడి ఎండలో ఉంది, వానలో ఉంది, పొగమంచులో ఉంది. రాజుగారి తొట్టి ఎన్ని వైపుల నుంచి ఉందో లెక్క లేదు. తన గుమ్మం ఎదురుగా ఉన్న చావడిది మాత్రం ఒక్క ఫొటో కూడా లేదు. కూర్చునే చోటుని ఎవడు ఫొటో తీస్తాడు? అలాంటిది ఎదురుగా ఉంటే చూపు దాన్ని దాటుకుని పోతుంది. బయటికొచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"ఏమైంది?" అంది చిరీమాయ.

"లేదు."

"ఏది లేదు?"

"చావడి."

చిరీమాయ అట్లకాడ పెనం మీద పెట్టేసి నడుం మీద చెయ్యి వేసుకుంది. "శభాష్! ఊరందరి ఇళ్ళూ తీశావు, అమెరికా వాళ్ళకి కార్డులు అమ్మావు. నీ ముక్కు కింద ఉన్నది కనబడలేదు. అద్దంలో నీ మొహమైనా గుర్తుపడతావా అని నా అనుమానం."

సరీనా నవ్వాపుకుని, "పెళ్ళిళ్ళు తీశారుగా దాజూ? వెనకాల చావడి ఉంటుందిగా?" అంది.

అంతే. ఆ సాయంత్రం నుంచి హేరాకాజీ వాకిలి తిరునాళ్ళలా అయిపోయింది. ఇంటింటి నుంచీ ఆల్బమ్‌లు దిగాయి. చాపలు పరిచారు, అటుకులూ, వేయించిన సోయా గింజలూ పెట్టారు. ఆజూ కోసం ఒక గిన్నెడు ఐలా, అదే ఇంట్లో కాచిన సారా, కూడా వచ్చింది. పెళ్ళి ఫొటోల్లో చావడి ఉంది, ఎందుకుండదు? కానీ దాని ముందు జనం ఉన్నారు. నిలబెట్టింది హేరాకాజీయే మరి, "ఆ చెక్కడం ముందుకి రండి, ఆ చెక్కడం ముందుకి, నిండుగా ఉంటుంది" అని బతిమాలి బతిమాలి. ఎక్కడ పని బాగుందో సరిగ్గా అక్కడ ఒక తలకాయ.

"ఇదిగో ఇక్కడ సింహం చెవి కనిపిస్తోంది" అంటుంది సరీనా.

"చెవి కాదమ్మా, మా పిన్ని కొప్పు" అంటారు ఎవరో.

"ఈ రెండో స్తంభం మొత్తానికి అడ్డంగా నిలబడ్డదెవరు?"

"మా పెదనాన్న. ఆయన దేనికైనా అడ్డమేలే."

"పక్కకి జరిగిన ఫొటో లేదా?"

"జరిగితే పక్క స్తంభం కూడా పోయేది."

పొట్ట పట్టుకుని నవ్వారు. కానీ పని జరిగింది. ఒకరి పెళ్ళిలో స్తంభం పైభాగం, ఇంకొకరి జంకోలో రథం గొడుగు పక్క నుంచి దూలం చివర, ఎవరో తాగి గంతులేస్తుంటే వంగిన వీపు మీదుగా ఒక కలశం, దాని ఆకులు. ఆ గంతులేసిన పెద్దమనిషి భార్య ఫొటో ఇవ్వడానికి ముందు ససేమిరా అంది. "పోయిన మనిషి, ఆ వేషంలో ఆఫీసులో చూపిస్తారా?" అని. ఆజూ నచ్చజెప్పాడు: "వాడు బతికుండగా ఊరికి చేసిన ఉపకారం అదొక్కటే తల్లీ, చెడగొట్టకు." ఆవిడ నవ్వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది, ఇచ్చింది. సరీనా ముక్క ముక్కా పలచని కాగితం మీదికి ఎక్కించింది. చెక్కడం పని చేసే తీర్థమాన్ శిల్పకార్ పక్కనే కూర్చుని, "ఇది మా వాళ్ళ చేతే, ఈ ఆకు మడత చూడు" అని మురిసిపోయాడు. మూడు రోజులకల్లా దూలం పూర్తయింది, కప్పు పూర్తయింది, కుడి నుంచి మూడు స్తంభాలు పూర్తయ్యాయి.

నాలుగోది, ఎడమ చివరది, అక్కడ పడింది పీటముడి.

ఎందుకంటే ఆ స్తంభానికి ఆనుకుని ప్రతి ఫొటోలోనూ హేరాకాజీ తండ్రి పంచలాల్ ఉన్నాడు. పొలం పని లేనప్పుడే పెళ్ళిళ్ళు, పొలం పని లేనప్పుడు పంచలాల్‌ది ఆ స్తంభమే. మోకాళ్ళు ముడుచుకుని, శాలువా కప్పుకుని, కళ్ళు సగం మూసుకుని. పెళ్ళికూతురు ఎవరైనా, రథంలో ఎవరు కూర్చున్నా, మూల మీద ఆయన. అత్తవారింటికి వెళ్ళిన ఆడపిల్లల ఆల్బమ్‌లు చూసి అక్కడి వాళ్ళు "ఈ ముసలాయన మీకేమవుతాడు?" అని అడిగేవాళ్ళట.

ఆ స్తంభం కోసం తండ్రీకొడుకులు ప్రతి పెళ్ళికీ పోట్లాడుకునేవాళ్ళు. "నాన్నా, కాస్త లే. ఒక్క ఫొటో" అనేవాడు హేరాకాజీ. "ఎందుకు లేవాలి? నీ ఫొటో కోసం కట్టారా దీన్ని? కూర్చోడానికి కట్టారు" అనేవాడు పంచలాల్. "బొమ్మ చెడిపోతోంది నాన్నా." "అయితే నీ బొమ్మే అటు జరుపుకో." ఏ ఒంటేలుకో ఆయన లేస్తే, ఆ చోటుకి మాటు వేసి ఉండే నుచ్చేలాల్ ఆజూ చటుక్కున జారగిలబడేవాడు. మొత్తానికి ఆ స్తంభం ఎన్నడూ ఖాళీగా లేదు. భూకంపం తర్వాత వచ్చిన చలికాలంలో, గుడారంలోనే, పంచలాల్ వెళ్ళిపోయాడు. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు.

"ఆజూ, నువ్వు చెప్పు. ఆ స్తంభం మీద ఏముండేది?" అన్నాడు హేరాకాజీ.

"హాయిగా ఉండేది."

"హాయి కాదు ఆజూ, చెక్కడం! తామరా, చేపా, పామా?"

ముసలాయన వీపు గోక్కున్నాడు. "నా వీపునడిగితే చెబుతుందేమో. నేనెప్పుడు చూశాన్రా?"

తక్కిన వాళ్ళనీ అడిగారు. ఒకరు చేప అన్నారు, ఒకరు చిలక అని ఒట్టేశారు, ఒకావిడ అసలక్కడ స్తంభమే లేదంది. మిగతా మూడూ మూడు రకాలు కావడంతో ఒకదాన్ని చూసి ఇంకోటి గీయడానికీ లేదు. "ఊహించి గీస్తే నా మనసొప్పదు దాజూ. పైవాళ్ళూ ఒప్పుకోరు" అంది సరీనా. రేపు కాక ఎల్లుండి పున్నమి. అప్పుడే ఒకరిద్దరు షట్టర్ల అద్దె గురించి గుసగుసలు మొదలుపెట్టారు.

ఆ మధ్యాహ్నం హేరాకాజీ అన్నం ముందు కూర్చుని కూడా తినలేదు. తండ్రి ఉన్న ఫొటోలన్నీ నేల మీద వరసగా పేర్చాడు. ముందు కోపం వచ్చింది. ఇంత మొండి మనిషి ఉంటాడా? ఒక్కసారి, ఒక్కసారి లేస్తే ఏం పోయేది? చూస్తూ చూస్తూ ఉంటే కోపం ఎటు పోయిందో పోయింది. మొదటి ఫొటోలో నల్ల జుట్టు, చివరి వాటిలో తెల్ల కనుబొమలు. తనకి తెలియకుండానే తండ్రి బతుకంతా తీశాడు. తీసిన ప్రతిసారీ చిరాకు పడుతూ తీశాడు. నాన్నని ఒక్కసారి చూడాలనిపించింది.

చిరీమాయ పక్కన కూర్చుంది. తనూ ఆ వరస చూసింది. "మామగారు ఏనాడూ నీ మాట వినలేదు" అంది మెల్లగా. ఒక ఫొటో చేతిలోకి తీసుకుని, "అయినా ఇవన్నీ నువ్వు తీసినవేగా? నువ్వు కెమెరా పట్టుకుంటే ఆయన అక్కడ కూర్చుంటారు, అది మామూలే. నువ్వు తీయనిది ఏదైనా ఉందా?" అంది.

"నా కెమెరాతో నేను కాక ఎవరు తీస్తారే?"

అన్నాడే గానీ, అంటుండగానే ఒక పాత సంగతి గుర్తొచ్చింది. లేచాడు. బిస్కెట్ల డబ్బాల్లో పాత నెగెటివ్‌లు చుట్టలు చుట్టి పడేసిన అటక ఎక్కాడు. "ఏమయ్యా, మెడ విరుగుతుంది!" అని చిరీమాయ కింద నుంచి అరుస్తూనే ఉంది.

మొట్టమొదటి కెమెరా అసన్ బజారులో పాతది కొనుక్కొచ్చిన రోజు. తన ఫొటో తనకి కావాలనిపించింది. వాకిట్లో ఇంకెవరూ లేరు, చావడి మీద తండ్రి తప్ప. బతిమాలి లేపాడు. కెమెరా చేతిలో పెడితే పంచలాల్ దాన్ని కోడిని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "ఇక్కడ చూడు, ఇక్కడ నొక్కు, కదపకు, అంతే నాన్నా" అని చెప్పి, టోపీ సవరించుకుని, చావడి ముందు సినిమా హీరోలా నిలబడ్డాడు. తర్వాత కడిగి చూసుకుంటే తనలో ఒక చెవీ, సగం టోపీ మాత్రమే వచ్చాయి. "ఒక్క ఫొటో కూడా తీయడం చేతకాదు నీకు" అని తండ్రిని తిట్టి, ఆ నెగెటివ్‌ని ఎప్పుడూ అచ్చు వేయకుండా డబ్బాలో పడేశాడు.

దొరికింది. కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. సరీనా ఇంటికి పరుగెత్తారు, చిరీమాయ పెనం కూడా దించకుండా. సరీనా దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి పెద్దది చేసింది. కుడి అంచున హేరాకాజీ చెవి. నట్టనడుమ, అడుగు నుంచి కప్పు దాకా, ఒక్క మనిషి అడ్డం లేకుండా, ఎడమ చివరి స్తంభం. ఎండ పక్క నుంచి పడి ప్రతి గీతా లేచి కనిపిస్తోంది. పంచలాల్ కొడుకుని వదిలేసి తనకి తెలిసినదాన్ని తీశాడు. హేరాకాజీ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు, ఏడుస్తూనే "ముసలోడు, ముసలోడు" అని నవ్వాడు.

పైన కలశం, తీగలు. అయితే కింద, కూర్చున్న మనిషి వీపు తగిలే మేర, ఏమీ లేదు. నున్నగా, నీళ్ళలో నానిన రాయిలా మెరుస్తోంది. తీర్థమాన్ వచ్చి తెరకి మొహం ఆనించి చూశాడు. "లేకపోవడమేం? ఉంది. అంచుల్లో రేకులు చూడండి. ఇది తామర. ఆనుకుని ఆనుకుని అరగదీశారు."

"మరి ఎలా గీయను? నున్నగానా, తామరతోనా?" అంది సరీనా.

నున్నగానే ఉంచుదాం, సుఖంగా ఉంటుంది అన్నాడు ఆజూ, ఆయన స్వార్థం ఆయనది. తీర్థమాన్ మాత్రం మొహం మాడ్చుకున్నాడు. "నున్నటి కర్రకి నేనెందుకు? కట్టెల అడితిలో కొనుక్కోండి." హేరాకాజీ చివరికి అన్నాడు, "కట్టినవాడు తామరతో కట్టాడు. తామరే పెట్టు." సరీనా పున్నమి రోజు బొమ్మలన్నీ పట్టుకెళ్ళింది. ఆమోదం వచ్చింది. షట్టర్ల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

చావడి లేచిన రోజున వాడంతా విందు. ఆకుల విస్తళ్ళలో అటుకులు, వేయించిన గేదె మాంసం, అల్లం, చిరీమాయ వేసిన బారాలు, ఆడవాళ్ళు మట్టి చెంబుల నుంచి ఎత్తి ఎత్తి పోసిన బియ్యపు కల్లు. పూజయ్యాక గుఠీ వాళ్ళు మద్దెల తెచ్చుకుని అరుగెక్కారు. ఎడమ చివరి చోటు మాత్రం ఎవరూ తీసుకోలేదు. అందరూ హేరాకాజీ వైపే చూశారు. ఆయన కెమెరా చిరీమాయకి ఇచ్చి, ఎక్కి, మోకాళ్ళు ముడుచుకుని, స్తంభానికి హాయిగా జారగిలబడ్డాడు.

"అబ్బా!" అని ఎగిరి ముందుకి పడ్డాడు.

కొత్త తామర. ఒక్కో రేకు అంచూ ఉలి తగిలి ఇంకా వాడిగానే ఉంది. వాకిలంతా గొల్లున నవ్వింది. తీర్థమాన్ గర్వంగా మీసం దువ్వుకున్నాడు. "నే చెప్పలా?" అన్నాడు ఆజూ. "నాకూ మీ నాన్నకీ ఎంత నున్నగా ఉండేదనుకున్నావు!"

హేరాకాజీ వీపు తడుముకుంటూ వెనక్కి తిరిగి ఆ పువ్వునే చూస్తూ ఉండిపోయాడు. కట్టించినవాడికి దండం పెట్టాడు, చెక్కినవాడికి పెట్టాడు, ఇటుకలు మోసినవాడికీ పెట్టాడు. ఆనుకుని కూర్చున్నవాళ్ళ సంగతి మాత్రం ఎన్నడూ తట్టలేదు. పాత చావడి కొత్తగా లేచిన ఏడాది కూడా పొలం నుంచి అలిసిపోయి వచ్చినవాడెవడో ఇక్కడే ఆనుకుని ఉంటాడు. వాడికీ గుచ్చుకునే ఉంటుంది. అయినా లేచిపోలేదు. వాడి కొడుకు ఆనుకున్నాడు, వాడి కొడుకు ఆనుకున్నాడు. పేరూ ఊరూ లేని ఎన్ని వీపులో అరగదీస్తేనే తన తండ్రికి ఆ నున్నదనం దొరికింది. నాన్న సుఖపడ్డాడు. అది వాళ్ళ చలవ.

"గుచ్చుకుంటే ఇటు వచ్చి కూర్చోవయ్యా, చోటుంది" అంది చిరీమాయ.

"వద్దులే" అన్నాడు హేరాకాజీ. "ఎవడో ఒకడు మొదలుపెట్టాలిగా."

పళ్ళు బిగబట్టి వీపు ఇంకాస్త గట్టిగా ఆనించి, ఆజూ చేతిలోంచి తాళాల జత అందుకున్నాడు.